కోత లేని జీతం

"తలుపు తీయను," అన్నాడు డ్రైవరు.

"తియ్యి బావా. మెట్ల మీద అందరూ చూస్తున్నారు," అంది తలుపు అవతలి గొంతు.

"చూడనీ. నిన్న టీవీలో దేశమంతా చూసింది నిన్ను. ఇవాళ నలుగురు మెట్ల మీద చూస్తే అరిగిపోతావా?"

ప్రతి ఆదివారం లాగే ఆ ఆదివారం పొద్దున కూడా బావమరిది తల్లిని చూడడానికి వచ్చాడు. కాని నిన్న సాయంత్రం మంత్రి పక్కన నిలబడి, ప్రభుత్వ ఉద్యోగులందరి జీతాల్లో ఐదో వంతు కోత ఎందుకు తప్పదో ఒక్కొక్క వేలే మడుస్తూ వివరించినవాడు ఈ బావమరిదే. ఆర్థిక శాఖలో అధికారి. తలుపుకి ఇవతల గడియ మీద చెయ్యి వేసుకు నిలబడ్డవాడు సర్కారు బస్సు నడుపుతాడు. అతని భార్య పెద్దాసుపత్రిలో హెడ్ సిస్టరు. చిన్నప్పుడే తల్లి పోతే అతన్ని పెంచిన అక్క అదే ఆసుపత్రిలో ఆయా. ఒక్క కత్తెర దెబ్బకి ఆ ఇంట్లో మూడు జీతాలు తెగాయి.

"ఎవరది?" అంది లోపలి గదిలోంచి అత్తగారు.

"మీ అబ్బాయేనండీ. ఇంకేమైనా కొయ్యాల్సింది మిగిలిందేమో చూసుకుందామని వచ్చాడు."

అత్తగారు గోడ పట్టుకుని నెమ్మదిగా బయటికి వచ్చింది. ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పిన మనిషి. కొడుకు ఇంట్లో లిఫ్టు ఉంది, మాట్లాడే తోడు లేదని కూతురింటికి వచ్చేసింది.

"తీయండి అల్లుడుగారూ. తిట్టేదేదో లోపలే తిడదాం. మెట్ల మీద తిడితే పక్కవాళ్లకి ఉచితంగా పోతుంది."

డ్రైవరు గడియ తీసి, లోపలికి వచ్చినవాడి మొహం చూడకుండా కిటికీ దగ్గరికి వెళ్లిపోయాడు.

హెడ్ సిస్టరు తమ్ముడు కుర్చీ అంచున కూర్చున్నాడు. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్ల కింద నల్లగా ఉంది. హెడ్ సిస్టరు వాడి మొహం చూసి రోగిని చూసినట్టే చూసింది. జ్వరం లేదు, భయం ఉంది అనుకుంది.

"పింఛను కూడానా?" అడిగింది తల్లి.

"పింఛను కూడానమ్మా."

"ఎంత?"

"అంతే. ఐదో వంతు."

"మూడో తరగతిలో భిన్నాలు రాక ఏడుస్తుంటే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. బాగానే వంటబట్టాయి."

ఎవరూ నవ్వలేదు. డ్రైవరు మాత్రం కిటికీ వైపు తిరిగి దగ్గాడు.

వదిన టీ తెచ్చింది. డ్రైవరు అక్కని హెడ్ సిస్టరూ ఆమె తమ్ముడూ వదినా అనే పిలుస్తారు. తమ్ముడు కప్పు అందుకున్నాడు గాని తల ఎత్తలేదు. ప్రతి వారం "మోకాలు ఎలా ఉంది వదినా?" అని అడిగి, ఆవిడ పొడుగ్గా చెప్పే జవాబంతా ఓపిగ్గా వినేవాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగింది. అడుగుతాడేమో అని చూసింది. అడగకపోయేసరికి వంటింట్లోకి వెళ్లిపోయింది.

"అక్కా, పైకి వస్తావా? బట్టలు ఆరేద్దాం," అన్నాడు తమ్ముడు.

పుట్టి బుద్ధెరిగాక వాడు బట్టలు ఆరేసింది లేదు. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు.

*

మేడ మీద ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. తడి దుప్పటి ఒక కొస అక్క పట్టుకుంది, రెండో కొస తమ్ముడు. ఇద్దరూ చెరోవైపు మెలి తిప్పారు. నీళ్లు వాడి బూట్ల మీద కారాయి.

"నర్సులకి కోత ఉండదు," అన్నాడు మెల్లగా.

"నిన్న అందరికీ అన్నావుగా?"

"నిన్న అది. రేపు ఇది. మీరు సమ్మెకి దిగితే జనం మీ వైపే ఉంటారని పైవాళ్లకి తెలుసు. బస్సులు ఆగితే జనం బస్సులవాళ్లని తిడతారు. ఆసుపత్రి ఆగితే మమ్మల్ని తిడతారు. రేపు మధ్యాహ్నంలోగా మీ సంఘం ఒక కాగితం మీద సంతకం పెడితే చాలు. ప్రెసిడెంటువి నువ్వే కదా."

"ఏముంది దాంట్లో?"

వాడు దుప్పటిని ఇంకోసారి మెలి తిప్పాడు. పిండడానికి అందులో నీళ్లు మిగల్లేదు.

"ఆయాలు, ఊడ్చేవాళ్లు, స్ట్రెచర్లు తోసేవాళ్లు. ఆ పనంతా కాంట్రాక్టుకి ఇచ్చేస్తున్నారు. అందుకు మీ సంఘానికి అభ్యంతరం లేదని."

హెడ్ సిస్టరు చేతిలో కొస వదిలేసింది. దుప్పటి మట్టిలో పడింది.

"మా వదిన కింద నీ కప్పు కడుగుతోందిరా."

"తెలుసు."

"తెలిసే తాగావా?"

వాడు వంగి దుప్పటి ఎత్తాడు. మట్టి దులపబోతే ఇంకా అంటుకుంది.

"కాంట్రాక్టరు కొందర్ని మళ్లీ తీసుకుంటాడక్కా, సగం జీతానికి. వయసు మళ్లినవాళ్లని తీసుకోడు. వదినని తీసుకోడు. నీకు అబద్ధం చెప్పను."

"నిజం చెప్పడానికి మేడెక్కాలా?"

తమ్ముడు పిట్టగోడ మీద చతికిలబడ్డాడు. "నా మాట విను. ఖజానా ఖాళీ. అప్పిచ్చేవాళ్లు ఇంక ఇవ్వమంటున్నారు. ప్రభుత్వానికి వచ్చేదానికన్నా పోయేది ఎక్కువైంది."

"మా ఇంట్లో పెళ్లైన దగ్గర్నుంచీ అంతే. అలాగని ఎవర్నీ బయటికి గెంటలేదు."

"ఇల్లు వేరు, ప్రభుత్వం వేరు. ఇల్లు పొదుపు చేస్తే ఇంటికి మిగులుతుంది. ప్రభుత్వం మీ జీతాలు కోస్తే మీరు కొనడం మానేస్తారు. కొట్లు మూతపడతాయి, పన్ను తగ్గుతుంది, వచ్చే ఏడు లోటు ఇంకా పెరుగుతుంది. ఇంకో కోత. ఇదంతా నాకు తెలీదనుకున్నావా? కంపెనీలకి వదిలేసిన పన్నులో సగం వసూలు చేసినా మీ ఎవరి జీతం జోలికీ వెళ్లక్కర్లేదు. మీ ఆసుపత్రి ఎదురుగా ఉన్న అద్దాల ప్రైవేటు ఆసుపత్రికి పదేళ్లు పన్నే లేదు. రెండుసార్లు పైకి రాశాను. మూడోసారి రాస్తే పశువుల లెక్కల శాఖకి పంపుతామన్నారు. నవ్వుతూనే అన్నారులే."

"నువ్వూ నవ్వుతూ మూడోసారి రాయాల్సింది."

"నేను పోతే ఆ కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు. వాడికి పెద్దాసుపత్రిలో అక్క ఉండదు." తమ్ముడు దుప్పటికి అంటిన మట్టిని గోళ్లతో గీరాడు. "నర్సుల్ని వదిలేయాలని నేనే పట్టుబట్టానక్కా. నీ కోసమే."

హెడ్ సిస్టరుకి కోపం రావాల్సిన చోట నీరసం వచ్చింది. వాడి బూట్ల మీద ఆరుతున్న తడి మరకల్ని చూస్తూ నిలబడింది.

"ఆ మాట ఇంకెవరితోనూ అనకు. ముఖ్యంగా కింద ఉన్నవాళ్లతో."

*

ఆ రోజంతా ఆమె ఎవరికీ చెప్పలేదు.

భర్త రెండుసార్లు అడిగాడు, మేడ మీద ఏం గుసగుసలని. "ఏముంది, పనుల గోల," అంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. పైగా ఈ కడుపు తన ఒక్కదానిదే కాదు. సంఘంలో ఉన్నవాళ్లందరిదీ.

చెబితే ఆయన ఏమంటాడో ఆమెకి తెలుసు. పెట్టొద్దంటాడు. ఆ మాట వినడానికి ఆమెకి భయం లేదు. తను ఇంకా తేల్చుకోలేదని ఆయనకి తెలిసిపోతుందనే భయం.

సోమవారం పొద్దున వార్డులో పడకలన్నీ నిండి, రెండేసి మంచాల మధ్య నేల మీద కూడా పరుపులు పడ్డాయి. హెడ్ సిస్టరు కట్లు మార్చే బండి తోసుకుంటూ వరసగా వెళ్తోంది. వెనక వదిన ఫినాయిల్ నీళ్లతో నేల తుడుస్తూ వస్తోంది. ఇంట్లో "అమ్మాయ్" అని పిలిచే మనిషి, ఆసుపత్రి గేటు దాటగానే "సిస్టరుగారూ" అంటుంది. మీరు అంటుంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ తడబడలేదు.

కిటికీలోంచి రోడ్డుకి అవతల అద్దాల ఆసుపత్రి మెరుస్తోంది. దాని గుమ్మం దగ్గర కార్ల తలుపులు తీసే పని ఒక్కటే చేసే మనిషి ఒకడున్నాడు.

"కాంట్రాక్టరు మనిషి వచ్చాడు పొద్దున్నే," అంది వదిన, కర్ర ఆపకుండా. "మమ్మల్నందర్నీ వరసగా నిలబెట్టి చూశాడు. సంతలో పశువుల్ని చూసినట్టు. పళ్లు చూడడం ఒక్కటే తక్కువ."

హెడ్ సిస్టరు చేతిలో కట్టు గుడ్డ ఆగిపోయింది.

"నన్ను పక్కన నిలబెట్టాడు. నాలాంటి ఇంకొందర్ని కూడా. నర్సమ్మలు ఒప్పుకున్నాక మీ సంగతి చెబుతామన్నాడు."

"వదినా..."

"ఇక్కడ వదినని కాను." కర్ర గోడకి ఆనించింది. ఆ తర్వాత వచ్చిన మాటల్లో సిస్టరుగారూ లేదు, మీరూ లేదు. "నిన్న మీ తమ్ముడు నా మోకాలి సంగతి అడగలేదు. అప్పుడే అనుకున్నా, వాడు నా మొహం చూడలేని పని ఏదో చేశాడని. మీరిద్దరూ మేడ దిగి వచ్చారు. నువ్వు చెబుతావని చూశా. భోజనాల దగ్గర చూశా. పొద్దున బస్సులో పక్కపక్కనే కూర్చుని వచ్చాం, అప్పుడూ చూశా. ఇదిగో, ఈ వార్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా తుడిచా. ఇప్పుడైనా నోరు విప్పుతావా?"

"నేను సంతకం పెట్టను వదినా. పెట్టకూడదనే అనుకుంటున్నా."

"అనుకుంటున్నావా?"

హెడ్ సిస్టరు కట్టు గుడ్డని మళ్లీ చుట్టసాగింది.

"నీకు ప్రసవమైనప్పుడు నువ్వు లేచే దాకా నీ గుడ్డలు ఉతికా. అప్పుడు ఉతకాలా వద్దా అని నేను అనుకోలేదు." వదిన గొంతు హెచ్చలేదు. అలసిపోయి ఉంది, అంతే. "పెడితే నీ ఇంట్లో నేనుండను. పెట్టకపోయినా, పెట్టాలా వద్దా అని ఒక రోజంతా ఆలోచించిన ఇంట్లో ఎలా ఉండమంటావు?"

పక్క మంచం మీది ముసలాయన కట్టు సగంలో ఉందని గుర్తు చేస్తూ సన్నగా మూలిగాడు. హెడ్ సిస్టరు వంగి కట్టు పూర్తి చేసింది. తలెత్తేసరికి వదిన తలుపు దాటి వెళ్లిపోయింది.

*

మధ్యాహ్నం నర్సులందరూ డ్యూటీ గదిలో చేరారు. కుర్చీలు చాలక సగం మంది గోడలకి ఆనుకుని నిలబడ్డారు. బల్ల మీద కాగితం ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

హెడ్ సిస్టరు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కాగితంలో ఏముందో, దాన్ని తెచ్చింది తన తమ్ముడేనని, పోయేవాళ్లలో తన ఆడపడుచు ఉందని. ఇంట్లో చెప్పలేనిది ఇక్కడ చెప్పగలిగినందుకు ఆమెకే సిగ్గేసింది.

"నేనైతే పెట్టొద్దంటాను," అంది చివరికి.

అందరూ ఉపాధ్యక్షురాలి వైపు చూశారు. ఆమెని చిన్న సిస్టరు అంటారు. పిల్లల వార్డులో పనిచేస్తుంది.

"నేను పెట్టాలంటాను అక్కా," అంది చిన్న సిస్టరు. "నా మీద కోపం తెచ్చుకోకు. మా నాన్న మంచం మీద ఉన్నాడు. ఆయనకీ మందులు, నాకూ తిండి, తమ్ముడికీ చదువు, అన్నీ ఈ ఒక్క జీతం. నీకు మీ ఆయన ఉన్నాడు. నాకు ఎవరున్నారు?"

"ఆయాలు లేకుండా మనం ఒక్క పూట గడపగలమా?"

"గడపలేం. కాని మనకి రాత్రి డ్యూటీ భత్యం తీసేసినప్పుడు వాళ్ల సంఘం మనతో వచ్చిందా?"

"మనం పిలిచామా?"

"పిలవలేదు," అంది చిన్న సిస్టరు. "ఇప్పుడు వాళ్లూ మనల్ని పిలవలేదు."

ఆ మాటలో ద్వేషం లేదు. అందుకే దానికి ఎదురు చెప్పడం కష్టమైంది.

"ఇవాళ మనల్ని వదిలి వాళ్లని కోస్తున్నారు," అంది హెడ్ సిస్టరు. "రేపు మన దగ్గరికి వచ్చేటప్పటికి మన పక్కన నిలబడేవాళ్లు ఎవరూ మిగలరు."

"రేపటి సంగతి రేపు. ఇంటి అద్దె ఇవాళ."

వెనక ఎవరో ఏడుస్తున్నారు. ఎవరో చేతులెత్తమన్నారు. మొదట ఒక చెయ్యి లేచింది, సంకోచంగా. తర్వాత ఇంకొకటి. లెక్కపెట్టాల్సిన అవసరం రాలేదు. చూస్తేనే తెలిసింది. ఎత్తినవాళ్లలో చాలామంది నేల చూపులు చూస్తున్నారు.

"ప్రెసిడెంటుగా ఇక నువ్వు..." అంది చిన్న సిస్టరు, కాగితం ముందుకి జరుపుతూ.

"ప్రెసిడెంటుగా నేను ఇక లేను." హెడ్ సిస్టరు లేచి కుర్చీ ఖాళీ చేసింది. "మీరు ఒప్పుకున్నది తప్పని నేననను. నా చేత్తో మాత్రం పెట్టలేను."

చిన్న సిస్టరు ఆ కుర్చీలో కూర్చోలేదు. నిలబడే వంగి సంతకం పెట్టింది.

"నన్ను అసహ్యించుకుంటావా అక్కా?"

"అంత ఓపిక లేదే," అంది హెడ్ సిస్టరు. నిజంగానే లేదు.

*

కాంట్రాక్టు కబురు అప్పటికే గేటు దగ్గరికి చేరింది. ఆయాలందరూ పనులు వదిలేసి మెట్ల మీద కూర్చున్నారు. నినాదాలు లేవు. జెండాలు లేవు. ఏళ్ల తరబడి నిలబడి పనిచేసినవాళ్లు కూర్చోవడానికి ఇవాళ తీరిక దొరికినట్టు కూర్చున్నారు.

ఎదురుగా స్టాపులో ఒక సర్కారు బస్సు ఖాళీగా నిలబడి ఉంది. దిగిన జనం డ్రైవర్ని తిట్టుకుంటూ నడిచిపోతున్నారు. డ్రైవరు మాత్రం మెట్ల మీద, అక్క పక్కన, టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో అతను ట్రిప్పు మధ్యలో బస్సు ఆపడం అదే మొదలు.

భార్యని చూసి లేవలేదు. "పెట్టావా?" అన్నాడు.

"నేను పెట్టలేదు. ప్రెసిడెంటుగా తప్పుకున్నా."

అతని మొహంలో ఏదో తేలికపడింది. కాని వదిన తల తిప్పలేదు.

"మరి కాగితం వెళ్లిందా?" అడిగింది.

"వెళ్లింది. సంఘం పెట్టింది."

"వచ్చే నెల నీ జీతం?"

"పూర్తిగా వస్తుంది."

"అయితే పెట్టినట్టే," అంది వదిన.

అంతలో బస్సు డిపో ఇన్‌స్పెక్టరు స్కూటరు దిగి వచ్చాడు. డ్రైవరుతో పాటే ఉద్యోగంలో చేరినవాడు. చెమటలు తుడుచుకుంటూ పక్కకి వంగి మాట్లాడాడు.

"ఎందుకురా ఇదంతా? బస్సు తియ్యి. నేనేమీ చూడలేదనుకుంటా. ఇప్పుడు తీయకపోతే సాయంత్రానికి నిన్ను సస్పెండు చేయాలి. నా జీతం కూడా కోశారు కదా, నన్నెందుకు ఇబ్బంది పెడతావు?"

డ్రైవరు ముందు అక్క వైపు చూశాడు. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని రోడ్డు చూస్తోంది. మోకాలు నొప్పెడుతున్నట్టుంది, కాలు చాచుకుంది. తర్వాత భార్య వైపు చూశాడు. ఏం చెప్పాలో ఆమెకి తెలియలేదు. తీయమంటే వదినని వదిలి వెళ్లమన్నట్టు. వద్దంటే ఇంట్లో ఇంకో జీతం పోయినట్టు.

అతను ఎవరూ చెప్పే దాకా ఆగలేదు. జేబులోంచి తాళం తీసి ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టాడు.

"నువ్వే తీసుకుపోరా. బ్రేకు కొంచెం ఆలస్యంగా పడుతుంది, చూసుకో."

ఇన్‌స్పెక్టరు తాళం కేసి కాసేపు చూసి, తల అడ్డంగా ఊపుకుంటూ బస్సెక్కాడు. బస్సు కదిలింది. దుమ్ము మెట్ల మీదికి వచ్చింది. ఎవరూ మొహం తిప్పుకోలేదు.

"ఇక ఇల్లు నడవాల్సింది నీ ఒక్క జీతం మీదే," అన్నాడు డ్రైవరు భార్యతో. ఆ మాటలో కోపం లేదు. ఉన్న సంగతి చెప్పాడంతే.

వదిన అప్పుడు తిరిగింది. ఆవిడ కళ్లల్లో నీళ్లు లేవు.

"ఆ జీతంతో వచ్చిన తిండి నేను ముట్టను," అంది.

"మరి నేను ముట్టొచ్చా అక్కా?" అన్నాడు డ్రైవరు.

ఆవిడ మళ్లీ రోడ్డు వైపు తిరిగింది. హెడ్ సిస్టరు ఒక మెట్టు దిగి ఆగిపోయింది. అక్కాతమ్ముళ్ల మధ్య ఒకరు కూర్చునేంత చోటు ఉంది. అది తన కోసం వదిలిన చోటో, ఒకరికొకరు ఎడమైన చోటో ఆమెకి తెలియలేదు.